చెయ్యి ఇవ్వమ్మా

పెరటి గడప దగ్గరికి వచ్చేసరికి ఆనందకుమారి కాళ్లు ఆగిపోయాయి. అది కొత్తేమీ కాదు. నడవలో బాగానే నడిచిన మనిషి గుమ్మం ముందు మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. పార్కిన్సన్ జబ్బు చేసే పనుల్లో అదొకటి. కోడలు ఏసుమణి చేతిలోని చెంబు కింద పెట్టి, తన కుడికాలు అత్త పాదాల ముందు అడ్డంగా చాపింది.

"నా కాలు దాటు అత్తా."

కంటికి అడ్డం కనిపిస్తే ఆ పాదం లేస్తుంది. ఆసుపత్రిలో నేర్పిన కిటుకు అది. మొదట్లో ఆడబిడ్డ లిల్లీ నెల్లూరు నుంచి వచ్చినప్పుడు చూసి, "మనిషి కాలు దాటిస్తావా ముసలామె చేత? చూసినోళ్లు ఏమనుకుంటారు వదినా?" అంది. చూసినోళ్లెవరూ ఆనందకుమారిని స్నానానికి తీసుకుపోయేవాళ్లు కాదు కనుక ఏసుమణి ఆ కాలు వెనక్కి తీసుకోలేదు.

స్నానం, చీర, జడ. మాత్ర ముందు, రాగిజావ తర్వాత. మాత్రకీ జావకీ మధ్య ఉండే ఖాళీలో బియ్యం కడగడం, జడ్సన్ టిఫిన్ డబ్బా సర్దడం. జడ్సన్ కోట ఊరి వైపు రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరు. వరండాలో బైకు తుడుచుకుంటూ, తల్లి నోటికి స్పూను అందించే భార్యను చూసి రోజూ అనే మాటే అన్నాడు.

"అమ్మకు నువ్వు పెడితేనే దిగుతుంది మణీ. నాకైతే అంత ఓపిక ల్యా."

అతను మెచ్చుకుంటూనే అంటాడు. అందుకే ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. ఓపిక అనేది వెంట్రుకల్లాగా ఏసుమణికి పుట్టుకతో మొలిచిందనీ, ఎంత కత్తిరించుకున్నా మళ్లీ పెరుగుతుందనీ ఆ ఇంట్లో అందరి నమ్మకం. మామ మంచాన పడినప్పుడు ఆ మాటే అన్నారు. లిల్లీ కాన్పుకి వచ్చినప్పుడూ అదే అన్నారు. గుడిలో పాస్టరమ్మ స్త్రీల కూడికలో ఆమెను లేపి నిలబెట్టి మరీ అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం కూడిక అయ్యాక కుర్చీలు మడిచి పెట్టింది కూడా ఏసుమణే. ఓపిక లేనివాళ్లకి మాత్రం ఆదివారం మధ్యాహ్నం నిద్ర ఉంటుంది. ఒళ్లు నొప్పులు ఉంటాయి. "నాకు చేతకాదు" అనేసి పక్కకు తిరిగి పడుకునే వీలుంటుంది. చేతనవడం ఒక నేరంలాగా ఆమెను పట్టుకుంది.

ఉద్యోగంలోనూ ఆ ఓపికనే పనికి పెట్టుకున్నారు. సూళ్లూరుపేట దాటాక హైవేకి ఎడంగా, పేరు బోర్డు కూడా పెద్దగా లేని ఒక పరిశోధనశాల అది. అక్కడ కోతులకు మందు ఎక్కించి ఆనందకుమారికి వచ్చిన జబ్బులాంటిదే తెప్పిస్తారు. తర్వాత దాన్ని తగ్గించే కొత్త మందులు ఇచ్చి చూస్తారు. చేరిన మొదటి రోజు ఏసుమణికి ఆ సంగతి తెలియదు. బోనులో ఒక ఆడకోతి నడుం వంచి కూర్చుని, అరటిపండు ముక్కను నోటి దాకా తీసుకుపోలేక మధ్యలో వణుకుతూ ఉంది. పప్పుచారు ముద్ద ఎత్తినప్పుడు అత్త చెయ్యి అచ్చం అట్లాగే ఉంటుంది. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం కలపలేకపోయింది.

"కోతుల ఆఫీసులో పని అంటే నలుగురూ నవ్వతా ఉండారు," అన్నాడు జడ్సన్ అప్పట్లో. తర్వాత నవ్వడం మానేశాడు. అత్త మాత్రల ఖర్చు ఆ జీతం మీదే నడుస్తోంది, పగలు ఆమె దగ్గర కూర్చునే పక్కింటామెకు ఇచ్చేది కూడా.

ఆ ఆడకోతి నంబరు పద్నాలుగు. ఏసుమణి దాన్ని బుజ్జమ్మ అంటుంది. పేర్లు పెట్టకూడదని రూలేమీ లేదు. పెట్టుకున్నవాళ్లకే కష్టమని బోనులు కడిగే పెంచలయ్య ముందే చెప్పాడు. ఇదివరకు సూది వేయాలన్నా, రక్తం తీయాలన్నా బోను వెనక పలకను ముందుకు లాగేవాళ్లు. కోతి కదలడానికి లేకుండా ఊచలకీ పలకకీ మధ్య ఇరుక్కుపోయేది. అరిచేది, ఒంటికి రెంటికి పోసుకునేది. అది వద్దని డాక్టర్ సుభాషిణి కొత్త పద్ధతి తెచ్చింది. కోతే తనంతట తాను ఊచల సందులోంచి చెయ్యి బయటికి చాపాలి, చాపితే సూది, సూది అయ్యాక తినడానికి ఏదైనా. ఆ క్రమం ఎన్నడూ తప్పకూడదు. తప్పితే అది మళ్లీ నమ్మదు.

నేర్పడానికి ఏసుమణిని పెట్టారు. నెలల తరబడి బోను ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ముఖానికి మాస్కు, చేతులకు గ్లవుసులు. కోతికి కనపడేవి కళ్లు, వినపడేది గొంతు.

"చెయ్యి ఇవ్వమ్మా."

ఒకరోజు ఇచ్చింది. వణికే చెయ్యి, రెండో చేత్తో ఊచ పట్టుకుని. సూది అయ్యాక అరచెయ్యి తిప్పి చాపింది. ఏసుమణి ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలిచి అందులో పెట్టింది.

"నీ మొగుడైనా ఇంత మాట వినడేమో మే," అన్నాడు పెంచలయ్య చీపురు ఆపి.

"ఆయనకు శెనక్కాయలు పెట్టి చూళ్లేదన్నా."

పై ఆఫీసువాళ్లు వచ్చినప్పుడు ఆ పద్ధతిని గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. బొమ్మలో చెయ్యి ఉంది కానీ మనిషి లేదు. ఏసుమణి టీ కప్పులు అందించింది.

శుక్రవారం సుభాషిణి ఆమెను గదిలోకి పిలిచి కూర్చోమంది. ఆ గదిలో కూర్చోమనడం అదే మొదటిసారి. అప్పుడే ఏసుమణికి అర్థమైంది.

"పద్నాలుగోదానికి రేపటితో అయిపోతుంది," అంది సుభాషిణి. "మందు ఎంత పనిచేసిందో బయటినుంచి చూడగలిగినంత చూశాం. మిగతాది మెదడులోనే చూడాలి."

"నొప్పి ఉంటుందా మేడం?"

"ఉండదు. మత్తులోనే పోతుంది. మత్తు సూది వేసే దాకానే నా బెంగ. నువ్వు పిలిస్తే తనే చెయ్యి ఇస్తుంది. లేకపోతే పలక లాగాలి." ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "బెదిరితే రక్తంలో మార్పులు వచ్చి ఫలితం తప్పుతుందని రిపోర్టులో రాస్తాను. అదొక్కటే కారణం కాదు."

ఏసుమణి ఆ కళ్లజోడు వైపే చూసింది.

"మనుషులకి వణుకు తగ్గించే ఆపరేషన్ వచ్చిందంటే, మెదడులో ఏ చోట తాకాలో ముందు ఇట్లాంటి కోతుల్లో చూసినందువల్లే. నిన్ను ఒప్పించాలని చెప్పడం లేదు. రోజూ నాకు నేను చెప్పుకునే మాట అది."

"నేను రానంటే?"

"అనొచ్చు. ఎవరూ ఏమీ అనరు."

ఎవరూ ఏమీ అనరు. కానీ పలక ముందుకు వస్తుంది. కాదనే హక్కు చేతిలో పెట్టి, కాదనలేని చోట నిలబెట్టడం ఏసుమణి బతుకంతా చూసిన పద్ధతే. అయితే సుభాషిణి ముఖంలో ఆ జాణతనం లేదు. ఆమె కూడా రాత్రుళ్లు నిద్రపోని మనిషిలా ఉంది. "వస్తాను మేడం," అంది ఏసుమణి.

మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి. కాబట్టి శనివారం పొద్దున బుజ్జమ్మకు ఏమీ పెట్టలేదు, శెనక్కాయలు కూడా వద్దన్నారు. ఏసుమణి పీట వేసుకుని కూర్చుంది. మాస్కు పైన కళ్లను మామూలుగా ఉంచడానికి ప్రయత్నించింది.

"చెయ్యి ఇవ్వమ్మా."

బుజ్జమ్మ మెల్లగా జరుగుతూ వచ్చింది. ఒక చేత్తో ఊచ పట్టుకుని రెండో చెయ్యి చాపింది. సుభాషిణి సూది వేసింది. అప్పుడు బుజ్జమ్మ, ఎప్పటిలాగే, అరచెయ్యి తిప్పి చాపింది.

అందులో పెట్టడానికి ఏమీ లేదు. ఏసుమణి గ్లవుసు వేసుకున్న వేళ్లు ఆ అరచేతిలో పెట్టింది. బుజ్జమ్మ వాటిని వాసన చూసి వదిలేసి, మళ్లీ చెయ్యి చాపింది. ఆమె కళ్లలోకి చూస్తూ, అలిగినట్టు కాదు, మర్చిపోయావా అన్నట్టు. మత్తు కమ్ముకుని తల వాలిపోయేదాకా ఆ చెయ్యి అట్లాగే వణుకుతూ ఉంది. తర్వాత వణుకు ఆగింది. దాని చెయ్యి కదలకుండా ఉండగా ఏసుమణి చూడటం అదే మొదటిసారి.

సాయంత్రం షేరాటో దిగి ఇంటికి వచ్చి, బయటి కుళాయి దగ్గర ఒళ్లు కడుక్కుని వంట చేసింది. కోడిగుడ్డు పులుసు. జడ్సన్‌కి వడ్డించి తాను కూర్చోలేదు.

"తినవా?"

"ఆకలి లేదు. ఆ కోతి పోయింది."

"ఏందీ, కోతి పోయిందని పస్తుంటావా?" అన్నాడు. ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "సర్లే. నీకో మాట చెప్పాల. రేపు లిల్లీ కారు తెస్తా ఉండాది. నెల్లూరులో ముసలోళ్ల హోం ఒకటి మాట్లాడింది అమ్మకు. నర్సులుంటారు, మంచిగా చూస్తారంట."

"అత్తకు చెప్పినారా?"

"చెప్తే వస్తాదా? ఇల్లు కదలనని మొన్న లిల్లీ మీద కంచం విసిరింది గదా. నువ్వు ఒక్క మాట చెప్పు. గుడికి పోదాం రా అత్తా అను. రేపు ఆదివారమే. నువ్వంటే ఎక్కుతుంది. మేం అంటే నమ్మదు." అన్నం కలుపుతూ ఆగాడు. "ఇదంతా నీ కోసమే మణీ. ఎన్నేళ్లని చేస్తావు? నాకు కనపడటం లేదనుకున్నావా?"

అతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నాలు, ఎవరూ పిలవని పొద్దులు, ఒక్కసారి కళ్ల ముందు పరుచుకున్నాయి. ఆశ కలిగింది. ఆశ కలిగినందుకు ఆమె సిగ్గుపడలేదు. కానీ రేపు అత్త కారు కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. గుడి మలుపు వస్తుంది, కారు ఆగదు. అప్పుడు ఆమె తిరిగి చూసేది కొడుకు వైపు కాదు, కూతురి వైపు కాదు. ఇన్నేళ్లు తినిపించి, కడిగి, కాలు అడ్డం పెట్టి దాటించి సంపాదించింది ఏదైనా ఉందంటే ఆ చూపు ఒక్కటే. దాన్ని అడిగి తీసుకుపోతున్నారు, పక్కింటివాళ్లు నిచ్చెన అడిగినట్టు.

"నేను ఆ మాట చెప్పను," అంది.

"అంటే? పంపించవా?"

"ఆ మాట చెప్పనన్నాను."

ఆమె లోపలికి వెళ్లింది. ఆనందకుమారి మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. ఏసుమణి పక్కన కూర్చుని, చీర కుచ్చెళ్లు సర్ది, దాచకుండా చెప్పింది. రేపు కారు గుడికి పోయేది కాదని. హోం అని, నెల్లూరని. అక్కడితో ఆపేద్దామనుకుంది కానీ, సగం నిజం చెప్పి లేచిపోవడం కూడా ఒక ఎరే అనిపించింది.

"నాకు అలుపొచ్చిందత్తా. నువ్వు పోతే నాకు నిద్ర దొరుకుతుంది. అది కూడా నిజమే. కానీ పోవడమో ఉండటమో నువ్వు చెప్పాల. ఉంటానంటే ఇకమీదట నీ కొడుకు ఒక పూట, నేను ఒక పూట. అదీ చెప్పేస్తా ఉండా."

ఆనందకుమారి కోడలి ముఖంలోకి చూసింది. జబ్బుతో బిగుసుకుపోయిన ముసలామె ముఖంలో కళ్లు మాత్రం కదిలాయి. పెదవులు ఆడాయి. ఏసుమణి చెవి వంచింది.

"వాణ్ణి పిలువు."

జడ్సన్ చెయ్యి కడుక్కుని వచ్చి, గుమ్మంలో తుండుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆనందకుమారి మాట్లాడసాగింది. జబ్బు ఆమె గొంతును కూడా తినేసింది, గుమ్మం దాకా వచ్చింది గాలి మాత్రమే. ఆ గాలిని మాటలుగా మార్చి ఇంట్లో అందరికీ చెప్పేది ఇన్నేళ్లూ ఏసుమణే. తల్లి పెదవులు ఇంకా కదులుతుండగానే జడ్సన్ అలవాటుగా భార్య వైపు తిరిగాడు.

"ఏమంటా ఉండాది?"

ఏసుమణి మంచం మీద నుంచి లేచి, తాను కూర్చున్న చోటు వదిలింది.

"దగ్గరికొచ్చి వినండి."