ఎవరూ రాని గది

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ప్రెస్సుల సందులోని తొమ్మిదో నంబరు గదికి నగర కార్యాలయం వాళ్ళు సీలు వేశారు. లోపల ఒక సానరాయి, దాని మోటారు, వేరేవాళ్ళకు చెందిన పద్నాలుగు కత్తెరలు, కాగితం కోసే రెండు బ్లేడ్లు ఉండిపోయాయి. కత్తెరల్లో ఆరు అప్పుడే రాయి మీంచి తీసినవి. తడి ఆరలేదు.

గది సానక్కది. ఆమెకు వేరే పేరుంది, సందులో ఎవరూ వాడరు. ఇరవై రెండేళ్ళుగా కత్తెరలకూ బ్లేడ్లకూ పదును పెడుతోంది. పని నేర్పింది మామగారు. ఆయన పోయాక రాయి ముందు ఆమె, పక్కన స్టూలు మీద అత్త. పదును పట్టిన ప్రతి కత్తెరతోనూ అత్త ఒక తడిగుడ్డ పీలిక కత్తిరించి చూస్తుంది. మొన దగ్గర గుడ్డ చిక్కుకుంటే కత్తెర మళ్ళీ కోడలి ఒళ్ళో పడుతుంది.

"మళ్ళీ పట్టు. దీంతో దారం కూడా తెగదు."

"మీ నోటికున్న పదును దీనికి తేలేను అత్తయ్యా. ఉన్నదాంతో సర్దుకోండి."

పొద్దున ఆరింటికి సానక్క సంచీ తీసుకుని బయల్దేరుతుంది. ప్రెస్సులు, కుట్టుపని షెడ్లు, క్షౌరశాలలు కలిపి పందొమ్మిది చోట్ల మొద్దుబారినవి తీసుకుని ఎనిమిదికల్లా గదికి వస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక వాటిని తనే తిరిగి ఇచ్చి వస్తుంది. కాగితం కోసే బ్లేడు మూడడుగులుంటుంది, చెక్కపెట్టెలో పెట్టి ఇద్దరు మోయాలి. కటింగ్ మిషన్ ఉన్నవాళ్ళందరికీ రెండేసి బ్లేడ్లు: ఒకటి మిషన్లో, ఒకటి సానక్క దగ్గర. రాయి తిరుగుతున్నంతసేపూ నీళ్ళు పడుతూనే ఉండాలి. ఆగితే బ్లేడు వేడెక్కి నీలం తిరుగుతుంది. అలా తిరిగినచోట ఇక పదును నిలవదు.

సీలుకు నెల ముందు సర్వే అధికారి వచ్చారు. సందులోని ఇరవై మూడు గదుల్లో ఉపయోగం లేనివి గుర్తించి, ఉపయోగం ఉన్నవాళ్ళకు ఇవ్వాలని ఆయనకు పైనుంచి ఆదేశం. ఒక్కో గది ముందు ఒక గంట నిలబడి లోపలికి వెళ్ళినవాళ్ళను లెక్కపెట్టారు. తొమ్మిదో గది ముందు నిలబడింది పదకొండు నుంచి పన్నెండు వరకు. ఫారంలో సున్నా వేశారు. అభిప్రాయం గడిలో "వ్యాపారం లేదు" అని రాశారు. ఆ గంటసేపూ మోటారు ఆగలేదని ఎదురుగదివాళ్ళు చెప్పారు. చప్పుడుకు ఫారంలో గడి లేదు.

గదికి సీలు వేస్తామని నోటీసు అంటించిన మర్నాడే సానక్క అభ్యంతరం రాసిచ్చింది. కాగితం మీద అందినట్టు ముద్ర పడింది. అంతకుమించి ఏమీ పడలేదు.

సీలు వేసిన మూడోరోజు, గురువారం, ప్రెస్సులకు కాగితం కోసిపెట్టే కటింగ్ మాస్టర్ దగ్గర మిషన్లో ఉన్న బ్లేడు మొద్దుబారింది. రెండోది తొమ్మిదో గదిలో ఉంది. బడిపిల్లల నోటుపుస్తకాలు ఎనిమిది వేలు సోమవారానికి ఇవ్వాలి. మొద్దు బ్లేడు కాగితాన్ని కోయదు, లాగుతుంది. కట్టలో పైకాగితానికీ అడుగుకాగితానికీ రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. బైండింగువాళ్ళు కట్టలు వెనక్కి పంపారు. మాస్టర్ బ్లేడును పక్క ఊరికి పంపితే తిరిగి రావడానికి ఆరు రోజులు పట్టింది. ఆలోగా నోటుపుస్తకాల పని వేరేవాళ్ళకు పోయింది. ఖాళీగా కూర్చున్న బైండింగువాళ్ళలో నలుగురు అట్టపెట్టెల కంపెనీలో చేరారు.

పదకొండోరోజు, శుక్రవారం, నగర కార్యాలయంలో విచారణ జరిగింది. సానక్క, అత్త, కటింగ్ మాస్టర్, కుట్టుషెడ్డు దర్జీ వెళ్ళారు. బల్లకు అటువైపు ఉప అధికారి, ఆయన పక్కన సర్వే అధికారి.

"మీ గదికి గంటలో ఒక్క మనిషీ రాలేదమ్మా," అన్నారు సర్వే అధికారి. "నేనే ఉన్నాను కదా అక్కడ."

"మా దగ్గరికి మనుషులు రారు బాబూ, కత్తెరలొస్తాయి," అంది అత్త. "మనుషుల్ని సానబెట్టే రాయి మా దగ్గరుంటే ముందు నిన్నే కూర్చోబెట్టేవాళ్ళం."

"అత్తయ్యా, మీరాగండి," అని సానక్క ముందుకు జరిగింది. "సార్, నేను వాళ్ళ దగ్గరికి వెళ్తాను, వాళ్ళు నా దగ్గరికి రారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. పొద్దున ఆరింటికి నాతో నడవండి, తెలుస్తుంది."

ఉప అధికారి ఓపిగ్గానే మాట్లాడారు. "చూడమ్మా, ఇది మిషన్ లాంటిది. పనికిరాని మర తీసి పనికొచ్చే మర బిగిస్తాం. తేడా వస్తే పాతదే మళ్ళీ బిగిస్తాం. కంగారు దేనికి?"

దర్జీ లేచాడు. "సార్, మిషన్లో మర తీస్తే మిగతా మరలు ఎక్కడివక్కడే ఉంటాయి. మేం ఉండం. మాకు పొట్టలున్నాయి. ఇవాళ పని లేకపోతే రేపు ఇంకో దారి చూసుకుంటాం. దారి మారాక మీరు పాత మర తెచ్చి దేనికి బిగిస్తారు?"

"మీ అభిప్రాయం నమోదు చేసుకుంటాం," అన్నారు ఉప అధికారి.

విచారణ పత్రంలో ఆ అభిప్రాయం లేదు. "వర్తకులు నలుగురు హాజరయ్యారు, సమస్య వివరించారు" అని ఉంది.

పద్నాలుగోరోజు, ఎవరి వస్తువులు వాళ్ళకు ఇవ్వడానికి గది ఒక గంట తెరిచారు. తడిగా ఉండిపోయిన ఆరు కత్తెరలకూ తుప్పు పట్టింది. మూడు దర్జీవి. ఆయన ఒకదాన్ని తెరవబోతే ఇరుసు దగ్గర బిగుసుకుపోయింది.

"ఒక్క పూట ఇయ్యండి సార్, వీటిని బాగుచేసిస్తాను," అని సానక్క అడిగింది. సీలు వేసే మనిషి గడియారం చూపించాడు. ఇంకా పది నిమిషాలుంది.

"పది నిమిషాల్లో అయ్యేపని అయితే నాకు ఇరవై రెండేళ్ళెందుకు పట్టింది నాయనా?" అంది.

ముప్ఫై ఎనిమిదో రోజు, గురువారం, కార్యాలయం నుంచి ఉత్తరువు వచ్చింది. తొమ్మిదో గదికి సీలు పొరపాటున పడిందని, శుక్రవారం వచ్చి తాళంచెవి తీసుకోవచ్చని అందులో ఉంది. ఎవరి పొరపాటో లేదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి సానక్క సంచీ తీసుకుని బయల్దేరింది. మొదట కటింగ్ మాస్టర్ దగ్గరికి వెళ్ళింది. లోపల కొత్త మిషన్ ఉంది.

"అక్కా, కూర్చో," అన్నాడు మాస్టర్. కుర్చీ తుడిచాడు. ఆమె కూర్చోలేదు.

"బ్లేడు ఏదిరా తమ్ముడూ?"

"దీనికి పదును పట్టే పనిలేదక్కా. అరిగితే పారేసి కొత్తది వేసుకోవడమే. పాత మిషన్ మొన్న పాత ఇనుముకి పోయింది. ఆరేసి రోజులు ఆగలేకపోయాను. నన్ను తిట్టు, పడతాను."

"నిన్నెందుకు తిడతాను? నువ్వేమన్నా సున్నా వేశావా?"

కుట్టుషెడ్డులో గుడ్డ కత్తిరించే బల్ల తీసేశారు. ఆ చోట అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. గుడ్డ ఇప్పుడు మిల్లులోనే కత్తిరించి ముక్కలుగా వస్తోంది.

"కత్తిరించేవాళ్ళిద్దరూ ఆ మిల్లులోనే చేరారమ్మాయ్," అన్నాడు దర్జీ. "కత్తెర పట్టుకునే చెయ్యి లేదు, కత్తెరలు నీకేం ఇవ్వను?"

"మరి ఆరోజు ఆఫీసులో అంత గట్టిగా మాట్లాడావు కదా బాబాయ్."

"మాట్లాడాను. పదకొండుమంది కుట్టేవాళ్ళున్నారు. వాళ్ళను మాటలతో ఎన్నాళ్ళు కూర్చోబెట్టను?"

పందొమ్మిది చోట్లకూ వెళ్ళింది. ఎనిమిదింటికి సంచీలో రెండు కత్తెరలున్నాయి. రెండూ ఒకే క్షౌరశాలవి.

పదకొండింటికి అత్తా కోడళ్ళు కార్యాలయానికి వెళ్ళారు. గుమాస్తా సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన ఒక కాగితం పెట్టాడు.

"చదివేపని లేదమ్మా, మామూలు ఫారమే. ఇక్కడ సంతకం చెయ్యి."

సానక్క చదివింది. "గది, అందులో నడిచిన వ్యాపారం యథాస్థితికి వచ్చినవని, ఇకపై నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదని అంగీకరిస్తున్నాను" అని ఉంది.

"వ్యాపారం లేదని కదా సీలేశారు?" అంది. "లేని వ్యాపారం యథాస్థితికి ఎట్లా వచ్చింది?"

గుమాస్తా నవ్వాడు. "అందరికీ ఒకటే ఫారమమ్మా. నేను రాసింది కాదు."

"గది వచ్చింది, ఒప్పుకుంటాను. వ్యాపారం రాలేదు. పొద్దున వెళ్ళి చూసొచ్చాను."

"సంతకం పెడితే తాళం. లేకపోతే లేదు."

"పెట్టవే," అంది అత్త. "ముందు తాళం తీసుకో. తర్వాత తిట్టుకుందాం."

"రెండు కత్తెరలకి తాళం తీసుకుని, మిగతా పదిహేడు చోట్ల ఏమీ జరగలేదని రాసివ్వమంటారా అత్తయ్యా?"

అత్త వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పద్దెనిమిది," అంది. "రెండూ ఒక్కడివే."

సానక్క గుమాస్తా పెన్ను తీసుకుంది. "అందులో నడిచిన వ్యాపారం" అన్న మాటల మీద ఒక గీత, "ఎటువంటి అభ్యంతరమూ లేదని" అన్న మాటల మీద ఇంకో గీత గీసింది. కింద సంతకం చేసి తేదీ వేసింది.

గుమాస్తా కాగితం పట్టుకుని లోపలి గదికి వెళ్ళి వచ్చాడు. కొట్టివేతలున్న పత్రం చెల్లదన్నాడు. కొత్త ఫారం ఇచ్చాడు. దాని మీద కూడా ఆమె అవే గీతలు గీసి సంతకం చేసింది. మూడో ఫారం అతను ఇవ్వలేదు.

సాయంత్రం ఐదింటికి కార్యాలయం మూశారు. అప్పటికి రెండు ఫారాలూ ఉప అధికారి బల్ల మీద ఉన్నాయి. తాళంచెవి గుమాస్తా సొరుగులో ఉంది.