పద్నాలుగు కిలోమీటర్లు

ఝాన్సీని తడిగుడ్డతో తుడిచేసి కొమురెల్లి మళ్లీ కుంచె పట్టాడు. భైంసా రోడ్డు మీది ఈ ఒక్క మైలురాయే పొద్దుటినుంచి జమ్మూ అయింది, ఆగ్రా అయింది. ఇప్పుడు నాగపూర్ కావాలట. సినిమా కథేమో పోలీసుల కళ్లుగప్పి కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా కార్ల పందెం. సినిమావాళ్ల దగ్గరున్నవి మూడు పాత కార్లు, రెండు కిలోమీటర్ల రోడ్డు.

ముప్పై ఏళ్లు రోడ్ల గ్యాంగులో పనిచేసి, ఈ దారిలోని రాళ్లన్నిటికీ అంకెలు వేసిన చేయి అది. గోళ్ల సందుల్లోని నల్లరంగు, పింఛను వచ్చాక కూడా పోలేదు.

"నాగపూర్ నలభై, తాతా," అంది అసిస్టెంట్ డైరెక్టర్ నవ్యశ్రీ. కరీంనగర్ పిల్ల.

"నలభై ఎట్లయితది బిడ్డా?"

"సినిమాల అయితది. జర రాయరాదే."

మొదటిసారి ఎర్రకారు మొరాయించింది. రెండోసారి మేకలు అడ్డమొచ్చాయి. మూడోసారి డైరెక్టర్ సాగర్ రాయిని చూసి తల పట్టుకున్నాడు.

"నలభై అంటే మూడువందల నాలుగు రాసినవేంది కాకా?"

"ఉన్నది గంతే గద సార్. చెయ్యి అట్లనే పోయింది."

మధ్యాహ్నం, మళ్లీ నలభైగా దిద్దిన రాయి దగ్గర పత్తి లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగి, నాగపూర్ నలభై అని చదివి, వచ్చిన దారినే వెనక్కి తిప్పబోయాడు. కొమురెల్లి అడ్డంపడి ఆపాడు. అప్పటినుంచి అతనికి ఒకటే రంధి.

"మీరు పోకముందే దీని పేరు దీనికి రాయాలె. భైంసా పద్నాలుగు."

"రేపు చూద్దాం తియ్ కాకా."

"రేపు మీరుండరు గద. జనం ఆగమైతరు."

టీ ఇచ్చినవాడికీ పద్నాలుగే, గొడుగు పట్టినవాడికీ పద్నాలుగే చెప్పాడు. "మాకు నోటికొచ్చింది తాతా," అని విసుక్కుంటూనే నవ్యశ్రీ, లైటు కోసం తెచ్చిన తెల్ల అట్టను అతని మీద నీడ పడేలా జరిపింది.

సాయంత్రం సామాను సర్దుతుంటే కొమురెల్లి నీళ్లరంగు పక్కన పెట్టి, ఇంటినుంచి తెచ్చుకున్న ఆయిల్ పెయింట్ డబ్బా విప్పాడు. తెల్లగా పూసి, ఆరాక, నల్లటి అక్షరాలు ఒత్తుగా దిద్దాడు. భైంసా. ఆ తర్వాత కాస్త ఊపిరి తీసుకోవడానికన్నట్టు రాతికి భుజం ఆనించాడు.

"టీ సల్లగైతది తాతా," అంది నవ్యశ్రీ. రెండోసారి అని, భుజం తట్టింది. ఊపిరి లేదు.

సినిమా వ్యానులోనే అతన్ని నిర్మల్ ఆసుపత్రికి తీసుకుపోయారు. దాని వెనకే మూడు కార్లూ వెళ్లాయి. ఎర్రకారు ఈసారి ఆగలేదు. సామానుకు కాపలా ఉండిపోయిన నవ్యశ్రీ అతను రాయి ముందు పరుచుకున్న గోనెసంచి మీద మోకాళ్లూని, ఎన్నడూ పట్టని కుంచె పట్టింది.

పొద్దుగూకే వేళకు రోడ్డు పక్కన ఆ రాయి మిగిలింది. పైన ముత్యాల్లాంటి భైంసా. కింద, వంకరగా, రంగు కారుతూ, 14.