తెర మీది తల్లి ఏమంది

శనివారం సాయంత్రం చర్చి కింది హాల్లో బొమ్మ వేస్తారంటే, ఆ అమెరికా బొగ్గుగనుల ఊరికి వలసొచ్చిన స్లోవాకులందరూ వంటలు పెందలాడే ముగించుకొని వచ్చారు. బొమ్మ మూగది. మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. వాటిని చదవగల నోరు అక్కడ ఒక్క మాట్యుష్‌దే. తండ్రి మీద గని కప్పు కూలాక బడి మాని, బొగ్గులో రాళ్ళేరే పనిలో కుదిరాడు. వేళ్ళ కొసలు చిట్లి ఎర్రగా ఉండేవి గాని, గొంతు మాత్రం కోడిపుంజుదే. తెర పక్కన బల్లెక్కించి, పడ్డ అక్షరాలు పడ్డట్టు తమ మాటలోకి మార్చి కేకెయ్యమనేవారు.

ఆ పూట వాడికి సొంతపని కూడా ఉంది. గనిలో బొగ్గుబండ్లు లాగే కంచరగాడిదను తోలడానికి కుర్రాడు కావాలన్నారు. నడుం వంచి రాళ్ళేరడం తప్పుతుంది. పైగా ఆ నల్లగాడిద అంటే వాడికి ప్రాణం. ఇంట్లో ఊసెత్తితే వాళ్ళమ్మ వెరోనా గరిటె ఎత్తింది.

"ఆ గాడిద పేరు నా గడపలో వినపడిందో, చూడు!"

సోమవారానికల్లా మాట చెప్పకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది.

తీరా చూస్తే బొమ్మ గని కుర్రాడి కథే. మాట్యుష్‌కి ప్రాణం లేచొచ్చింది. తెర మీది తల్లి కొడుకు చొక్కా పట్టుకొని ఏదో అంది. వద్దనే అంది.

"వెళ్ళిరా నాయనా! గనిపని మగాడికి అందం!" అని కేకేశాడు మాట్యుష్.

ముందు వరసలో చుట్ట కాలుస్తున్న ఫెర్కో తాత లేచాడు. "మరి ఏడుస్తుందేంట్రా?"

"సంతోషంతో తాతా!"

తర్వాత మేస్త్రీ వచ్చి వేలు ఆడించి బెదిరించాడు.

"లోపలి గాలి బయటి గాలికన్నా మంచిదంటున్నాడు!"

హాలంతా గొల్లుమంది. "ఆ మేస్త్రీది ఏ గనో కనుక్కోరా, రేపే అక్కడ చేరిపోతాం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ఇంతలో తెర మీద గని కూలింది. మనుషులు లోపల చిక్కుబడ్డారు. కుర్రాడు దీపం పట్టుకొని పరిగెత్తాడు. తల్లి గేటు దగ్గర వాడి కాళ్ళు వాటేసుకుంది. అక్షరాలు పడ్డాయి.

మాట్యుష్ నోరు తెరిచాడు. ఆ చోటికి మంచి అబద్ధం ఒకటి నాలిక మీద సిద్ధంగానే ఉంది. కాని మూడో బెంచీలో వాళ్ళమ్మ చేతులు శాలువాలో ముడుచుకొని, తెరను వదిలి వాడినే చూస్తోంది.

"ఈ గొయ్యికి నీ తండ్రినిచ్చాను," అని చదివాడు. "నిన్నివ్వను."

కేకెయ్యలేదు. అయినా చివరి బెంచీదాకా వినపడింది.

ఆ కుర్రాడు కాళ్ళు విడిపించుకొని పోయాడు, అందరినీ బయటికి తెచ్చాడు. జనం బెంచీలు చరిచారు. ఫెర్కో తాత కళ్ళు తుడుచుకొని చుట్టపొగను తిట్టాడు.

ఇంటిదారిలో వెరోనా అంది: "బాగా చదివావు గాని, ఒక్కచోట అబద్ధమాడావు."

"ఎక్కడ?" అన్నాడు మాట్యుష్.

"ఆ గేటు దగ్గర. అమెరికా దొరసాని అట్లా మాట్లాడుద్దా? అవి నా మాటలు. పొయ్యి దగ్గర నాలో నేను అనుకొనేవి. దొంగచాటుగా విని అక్కడ అప్పజెప్పావు." శాలువా సర్దుకొని అంది, "పోనీలే. నా మనసు అంత ఎరిగినోడివి, గనిలో ఒళ్ళు దగ్గర పెట్టుకోవా ఏంటి? పో, తోలుకో నీ గాడిదని."

అప్పుడు నోరు మూసుకుంటే పనైపోయేది.

"అమ్మా... అదొక్కటే నిజం. మిగతావే అల్లాను."

వెరోనా నిలబడిపోయింది. "మేస్త్రీ మాట?"

"అల్లిందే."

"సంతోషంతో ఏడుపు?"

"అదీను."

ఆమె దడి పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి శాలువా కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే ఆ దొరసానికీ మొగుడు లేడన్నమాట," అంది.

ఇల్లు చేరారు. వెరోనా గుమ్మంలో బూట్ల బురద గీకి, లోపలికెళ్ళి దీపం వెలిగించింది.

"తంతదా ఆ గాడిద?"

"కొత్తోళ్ళనే, అమ్మా."

"పేరేంటి?"

మాట్యుష్ గడప బయటే ఆగాడు.

"లోపలికొచ్చి చెప్పు," అంది.