నగరి పంకజాక్షి జాబులు

చిత్తూరు నుంచి నెలనెలా వెలువడే ‘చింతచిగురు’ సాహిత్య పత్రికకు సంపాదకుడు ఆదిమూలం. హైస్కూల్లో తెలుగు అయ్యవారు. పత్రికలో సంపాదకీయం ఆయనదే, సీరియల్ ఆయనదే, పాఠకుల ఉత్తరాలూ ఆయనవే. పదకొండేళ్లలో పాఠకుడన్నవాడు ఒక్క కార్డు ముక్క రాసిన పాపాన పోలేదు మరి. ఆ పేజీ ఖాళీగా వదిలితే పరువేం కావాలి? అందుకని ఊరికొక పేరు పుట్టించి, తన సీరియల్‌ను తానే నోరారా మెచ్చుకునేవాడు. అందరిలోకీ ఆయనకు ముద్దొచ్చిన పాఠకురాలు నగరి పంకజాక్షి. సీరియల్ చదివి ప్రతి నెలా కన్నీళ్లు పెట్టుకునేది, పాపం.

డెబ్బైతొమ్మిదిలో ఒక ఆదివారం పొద్దున ఆయన వరండాలో ప్రూఫులు దిద్దుకుంటుంటే, చేతిలో నాలుగు సంచికలతో ఒకావిడ గేటు తీసుకుని వచ్చింది.

“నా పేరు పంకజాక్షి. నగరి నుంచి వస్తా ఉండా.”

ఆదిమూలం ప్రూఫులు వదిలేసి లేచి నిలబడ్డాడు. ఈ గుట్టు బయటపడితే జిల్లాలో తలెత్తుకు తిరగగలడా?

“తప్పయిపోయింది తల్లీ. ఆ పేరు ఇంక వెయ్యను. ఎవురికీ చెప్పొద్దు” అన్నాడు.

“తీసేస్తే ఎట్లా అయివోరూ? ఆ జాబులు రాసేది నేనేనని మా ఈదిలో అందురికీ చెప్పుకున్నా. మా అత్త గూడా ఇప్పుడు నన్ను గసరడం మానేసింది. నా బాద అది కాదు. నేను ఏడ్సినానని రాసినారే, దానికి! ‘ఆ కతకు ఏడ్సినావా?’ అని లైబ్రరీలో ఆడోళ్లు నా మొగం మీదే నవ్వినారు. ఈ నెలకు నేనే రాసుకొచ్చినా. ఒక్క మాట మార్సకుండా ఎయ్యండి. లేదంటే బజార్లో నిలబడి అంతా చెప్పేస్తా.”

ఆయన కాగితం విప్పి చదివాడు: “మీ కథానాయికకు ఏడు నెలలుగా జ్వరం. బతికిస్తారో చంపుతారో త్వరగా తేల్చండి. మేము అలిసిపోయాం.”

పళ్లు నూరుకుంటూనే అచ్చువేశాడు.

మరుసటి నెల పోస్టుమాన్ కుప్పయ్య కార్డుల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. “ఏం సార్, ఇంట్లో పెండ్లా?”

ముప్పై ఆరు కార్డులు. ఒక్కటీ ఆదిమూలం చేతిరాత కాదు. అన్నిట్లోనూ ఒకటే మాట, పంకజాక్షి గారు సరిగ్గా చెప్పారని. పూతలపట్టు నుంచి ఒకాయన కథానాయిక జ్వరానికి కషాయం రాసి పంపాడు. తిరుపతి లెక్చరరొకాయన మొదటి భాగం నుంచీ జరిగిన తప్పులన్నీ ఏకరువు పెట్టాడు.

ఆదిమూలానికి కోపం రావాలి. రాలేదు. ఇన్ని తప్పులు పట్టాలంటే వీళ్లంతా సీరియల్ మొత్తం చదివి ఉండాలి! సంతోషం పట్టలేక భార్య వసంతమ్మను కేకేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, తనను తిట్టిన తిట్లన్నీ ఒక్కటి వదలకుండా గట్టిగా చదివి వినిపించాడు.