సన్నజాజి దొరకడం లేదు

"సన్నజాజి కనబడట్లేదంట. నువ్వేమన్నా ముట్టుకున్నావా?"

నేను కొబ్బరి పచ్చడికి మిక్సీ తిప్పుతున్నాను. గుమ్మంలోంచి మా ఆయన పల్లంరాజు అన్న మాట ఆ మోతలో ముక్కలై నా దాకా వచ్చింది. సన్నజాజి అంటే మొక్క కాదు. కడియంలోని మా నర్సరీలో ఏ మడిలో ఏ మొక్కలున్నాయో, ఏ లారీకి ఏవి ఎక్కాలో గుర్తుపెట్టుకునే కంప్యూటరు. గోదాములో ఎరువు బస్తాల వెనక ఉంటుంది. ఆఫీసులో బిల్లులు తీసేదాని పేరు మందారం. ప్రింటరు గన్నేరు. లైనక్స్ వేసిందీ, వైర్లు లాగిందీ, పేర్లు పెట్టిందీ నేనే. ఆనాడు మా అత్తగారు పెద్దింట్లమ్మ గారు బుగ్గ నొక్కుకున్నారు. "మిషన్లకి పేర్లేంటే, విడ్డూరం కాకపోతే!" ఆవిడ నన్ను 'ఇదిగో అమ్మాయ్' అంటారు. మా ఆయన ఒట్టి 'ఇదిగో' అంటారు. దుర్గాశ్రీ అన్న నా పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

"నేను ముట్టుకోలేదండి. నిన్న నెట్ కేబుల్ అతనొచ్చి ఏదో చేశాడు కదా."

"తమ్ముడు చూస్తున్నాళ్లే. నువ్వు టిఫిన్ సంగతి చూడు."

ఆ రోజు నేను మధ్యాహ్నం బస్సుకి రాజమండ్రి వెళ్ళాలి. పెళ్ళికి ముందు నాతోపాటు కంప్యూటర్ ల్యాబులో పనిచేసిన దీవెన, ఇప్పుడు తనుండే కాలేజీలో సిస్టమ్స్ చూసే మనిషి కావాలని ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. "రెండింటికల్లా వచ్చి ఎదురుగా కూర్చో, చాలే దుర్గా. మా సార్ సాయంత్రం ఊరెళ్ళిపోతున్నారు. ఇవాళ నువ్వు రాకపోతే వేరేవాళ్ళని తీసేసుకుంటారు." ముందురోజు అన్నం వడ్డిస్తూ ఇంట్లో చెప్పాను. "చూద్దాంలే" అన్నారు మా ఆయన. మా ఇంట్లో చూద్దామంటే వద్దనే. కానీ నోటితో వద్దనలేదు కనక ఆ మాటనే పట్టుకుని నిద్రలోకి జారుకున్నాను. కలలో గోదావరి మీద ఒక ల్యాబు తేలుతూ పోతోంది. వరసగా వెలుగుతున్న తెరలు. పక్కనుంచి నడుస్తుంటే ఒక్కొక్కటీ నన్ను పేరు పెట్టి పలకరిస్తోంది. పొద్దున లేచాక కూడా ఆ తడి వెలుతురు కళ్ళలోంచి పోలేదు.

ఉప్మా గిన్నె పట్టుకుని నర్సరీకి వెళ్ళేసరికి మొక్కలకి నీళ్ళు చిమ్ముతున్నారు. పచ్చటి వలపందిరి కింద ఆ తుంపర పొగలా లేచి, మనుషులు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టున్నారు. గేటు దగ్గర నాగపూర్ లారీ నిలబడి ఉంది. మేస్త్రీ గంగరాజు ఆఫీసు మెట్ల మీద తల గోక్కుంటున్నాడు.

"ఆయ్, చీటీ రాందే ఏ మడిలోంచి తియ్యమంటారండి? నోటితో చెప్తే పోయినసారి మామిళ్ళ బదులు సపోటాలు ఎక్కించేశారండి మనోళ్ళు."

మా మరిది సురేష్‌బాబు కేబుల్ అతనికి ఫోన్ చేస్తున్నాడు. అతను ఎత్తడం లేదు. పక్క నర్సరీ వాళ్ళని అడిగాడు. వాళ్ళకీ తెలీదు.

"ఇంకెవరికి తెలుస్తుందిరా?" అన్నారు మా ఆయన, నా చేతిలోంచి ఉప్మా గిన్నె అందుకుంటూ.

"నేను చూస్తానండి."

"వద్దొదినా, ఉన్నది కాస్తా పోద్ది" అన్నాడు మరిది. బయట లారీ హారన్ కొట్టింది. లేచి కుర్చీ ఇచ్చాడు.

మందారం ముందు కూర్చుని ముందు సన్నజాజిని అంకెతో పిలిచాను. ప్రతి కంప్యూటరుకీ పేరు వెనక ఒక అంకె ఉంటుంది, ఇంటి నంబరులాగ. వెంటనే పలికింది. బతికే ఉంది. ఈసారి పేరుతో పిలిచాను. అలాంటి పేరే తెలీదంది మందారం. ఏ పేరుది ఏ అంకో గుర్తుపెట్టుకోవడానికి గోడ మూల అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఒకటి పెట్టాను. నేరుగా దాన్నే అడిగాను. తడుముకోకుండా చెప్పింది. అంటే వెతికేది బాగుంది, దొరకాల్సింది బాగుంది, తెలిసినదీ బాగుంది. అడిగే వరసలోనే ఉంది తిరకాసు. ఆ వరస ఉండే ఫైలు తెరిచాను. నిన్న కేబుల్ అతను చేసిన అప్‌డేట్‌కి నేను రాసింది చెరిగిపోయి, కొత్తలో ఉన్నది మళ్ళీ వచ్చి కూర్చుంది. మందారానికి అది చెప్పేది ఇదీ: ముందు నీ దగ్గరున్న పేర్లలో చూసుకో. లేకపోతే చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడేలా కేకెయ్యి. ఎవరూ పలక్కపోతే వెనక్కి తిరుగు. ఆ తరవాత, అదే వరసలో చిట్టచివర, ఆ చిన్న పెట్టెని అడగమని ఉంది. కానీ వెనక్కి తిరుగు అన్న మాట దాటుకుని అక్కడిదాకా ఎవరొస్తారు? ఆ పెట్టె అన్నీ తెలిసి, మూలన కూర్చుని, ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూ ఉంటుంది. ఆమధ్య బ్యాంకు మేనేజరు వచ్చి "ఈ సిస్టమ్ ఎవరు పెట్టారండీ, భలేగుంది" అన్నప్పుడు "మా తమ్ముడండి" అన్నారు మా ఆయన. నేను కాఫీ గ్లాసులతో పక్కనే ఉన్నాను. మా అత్తగారు బీపీ బిళ్ళ కోసం ఇద్దరు కొడుకుల్నీ కేకేసి అడిగి, ఎవరికీ తెలీదని విసుక్కుంటారు. ఆ బిళ్ళ రోజూ ఆవిడ చేతిలో పెట్టేది నేను.

'వెనక్కి తిరుగు' అన్న ఆ ఒక్క మాట చెరిపేశాను. మళ్ళీ పిలిచాను.

సన్నజాజి పలికింది. గన్నేరు గరగరలాడుతూ చీటీలు వదిలింది. గంగరాజు వాటిని జాతర టిక్కెట్లలా పట్టుకుని పరిగెత్తాడు.

"ఏం చేశావ్?" అన్నారు మా ఆయన.

"అడిగే వరస మార్చానండి."

అప్పటికే మా అత్తగారు కూడా వచ్చి నిలబడ్డారు. "చూశావా! రేపు నువ్వు రాజమండ్రిలో కూర్చుంటే, ఇది మళ్ళీ ఆగితే ఎవరు చూస్తారే? ఇంతమందిలో తెలిసినదానివి నువ్వే. ఇంటిపట్టునుండు."

నాకు తెలుసని ఈ ఇంట్లో ఒప్పుకోవడం అదే మొదలు. ఒప్పుకోలుతో పాటే తాళంకప్ప కూడా తెచ్చారు.

"నేననేదీ అదే. ఇంటర్వ్యూ ఇంకోసారి చూద్దాంలే" అన్నారు మా ఆయన. "లోడింగ్ వాళ్ళకి అన్నాలు కూడా చూడు."

అన్నాలు చూశాను. పప్పు దించుతుంటే కాలవ అవతల బస్సు హారన్ వినబడింది, దూరమైంది. అది మామూలుగా నేను ఆగిపోయే చోటు. గరిటె చేతిలో పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను. ఆ తేలే ల్యాబు, ఆ వెలుతురు. పప్పు మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, సర్టిఫికెట్ల సంచీ తీసుకుని గేటు దగ్గరికి నడిచాను. లారీ నిండిపోయింది. తడి మొక్కల మీద టార్పాలిన్ కడుతున్నాడు డ్రైవరు ఆశీర్వాదం.

"రాజమండ్రి మీదుగానేనా అండీ? నన్ను దింపుతారా?"

"అయ్యో, ఎక్కండమ్మా. పక్క సీటు ఖాళీయే కదా."

లారీ కదిలింది. వెనక వేల ఆకులు ఒక్కసారి నిట్టూర్చినట్టయింది. అప్పుడు గేటులోంచి కేక.

"ఇదిగో!"

లారీ మలుపు తిరుగుతోంది.

"ఇదిగో, నిన్నే!"

తరవాత, నర్సరీ అంతా వినబడేలా, "దుర్గాశ్రీ!"

కూలీలంతా తలలెత్తారు. ఆశీర్వాదం బ్రేకు మీద కాలేసి నా వంక చూశాడు. "మిమ్మల్నే పిలుస్తున్నారమ్మా. ఆపమంటారా?"

"పేరు చేరిందండి" అన్నాను. "పోనివ్వండి."