ఒకరితో ఒకరు

చెల్లెలి సంచిలో రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, దువ్వెన, నా పాత స్వెట్టరు సర్దాను. స్వెట్టరు తీసేసింది. మళ్లీ పెట్టాను. ఆ రోజు పనివాళ్ల పోటీలో నెగ్గితే మా గోల్ఫ్ మైదానంలోనే ఆట నేర్పే పని ఇస్తామన్నారు. లేకపోతే సాయంత్రం రైలుకి వేరే ఊరి మైదానంలో బంతులు ఏరడానికి పోవాలి.

"నెగ్గితే విప్పుదువుగానిలే అక్కా, ముందు జిప్పు వెయ్యి," అంది.

నేను అక్కడ తువ్వాళ్లు ఉతికేదాన్ని. బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. చెల్లెలికి ఆట వచ్చు, అక్షరం రాదు. అందుకే పోటీ నియమాలు తెలుగులో టైపు చేసి పంచిన కాగితం నా దగ్గరే ఉంది.

ఆడేవాళ్లను జోడీలుగా పంపారు. చెల్లెలికి జోడీ తోటమాలి. ప్రతి గుంతకూ మొదటి దెబ్బ కొట్టే చోటును టీ అంటారు. అక్కడ గడ్డిలో రెండు ఎర్ర గుర్తులుంటాయి, బంతి వాటిని దాటి ముందుకు రాకూడదు. ఆరో గుంత దగ్గర చెల్లెలు జానెడు ముందు పెట్టి కొట్టేసింది. టీ తాగితే మత్తు వదులుతుందంటారు, ఈవిడకి టీ ఎక్కగానే మత్తొచ్చిందని తోటమాలి ఆటపట్టించాడు. దానికి శిక్షేమిటో అతనికీ తెలియదు.

తాడు అవతల నిలబడ్డ నన్ను చెల్లెలు అడిగింది. "అక్కా, కాగితం చూడు. మళ్లీ కొట్టాలా?"

ఒకరితో ఒకరు ఆడేటప్పుడు శిక్ష లేదు, అవతలివారు కోరితేనే మళ్లీ కొట్టాలి అని ఉంది. ఆ కిందనే, దెబ్బలు లెక్కపెట్టే ఆటలో అయితే రెండు దెబ్బలు కలుపుకుని సరైన చోటు నుంచి మళ్లీ కొట్టాలి, దిద్దుకోకుండా తర్వాతి గుంత మొదలుపెడితే పోటీ నుంచి తీసేస్తారు అని ఉంది. నడుస్తున్నది ఇద్దరే, ఒకరితో ఒకరంటే ఇదే కదా అనుకున్నాను. మరి దెబ్బలు కూడా లెక్కపెడుతున్నారే? పైది చదివితే కిందది, కిందది చదివితే పైది నిజమనిపించింది. తోటమాలిని అడిగితే తనకేం అభ్యంతరం లేదన్నాడు.

"శిక్ష లేదు, పో," అన్నాను.

చివరికి చెల్లెలు అందరికన్నా నాలుగు దెబ్బలు తక్కువలో ముగించింది, తక్కువ దెబ్బలవాళ్లదే గెలుపు. అప్పుడు తోటమాలే నవ్వుతూ జానెడు సంగతి పెద్దల ముందు చెప్పాడు. అంపైరు దెబ్బల లెక్క రాసిన కాగితం తీసుకుని చెల్లెలి పేరు కొట్టేశాడు. జోడీ కట్టింది తోడు నడవడానికేనట, ఆట మాత్రం అందరితోనట.

"తోటమాలి ఒప్పుకున్నాడు కదండీ," అన్నాను.

"ఒప్పుకోడానికి ఆయనెవరమ్మా? రెండు కలుపుకుని మళ్లీ కొట్టుంటే అప్పటికీ నెగ్గేదిగా."

టీ దగ్గర కొట్టకముందు కర్ర తగిలి బంతి దొర్లిపోతే ఏమీ లేదట. జానెడు ముందుకు పెడితే రెండట. దిద్దుకోకపోతే అంతా పోయినట్టేనట. నాకు ఇప్పటికీ తల తిరుగుతుంది.

చెల్లెలు నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నువ్వు చదివింది నిజమేనే అక్కా. మనం ఆడింది వేరే ఆట," అంది.

సాయంత్రం రైలెక్కింది. అది ఎనభై నాలుగో సంవత్సరం, మార్చి పన్నెండు, సోమవారం. నా చెల్లెలు తిరిగి రాలేదు.