వట్టివేళ్ళ నూనె

పూతలపట్టు వైద్యుడు నా భార్య చంద్రకాంతకు ఆకుపసరు మింగించి పత్యం చెప్పాడు. "నూనె కూరలో వద్దు, తలకు వద్దు, ఒంటికి వద్దు." కామెర్లున్న ఇంట్లో ఎవరైనా చెప్పే మాటే అది. బి.ఎ. చదివి, చిత్తూరు హైస్కూల్లో పాఠాలు చెబుతూ కూడా నేను ఎందుకని అడగలేదు.

నాలుగు నెలల తర్వాత పెద్దాసుపత్రిలో, కాలేయం పూర్తిగా పాడైంది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మా అత్త శకుంతలమ్మ మాత్రం పత్యం వదల్లేదు. పత్యం ఉన్నంతకాలం కూతురు కోలుకుంటుందన్న ఆశ ఆమెది.

చంద్రకాంతను ఎక్కువగా పీడించింది నొప్పి కాదు, దురద. అరిచేతుల్లో, అరికాళ్ళలో మొదలై ఒళ్ళంతా పాకేది. గోళ్ళు కత్తిరించినా రక్తం వచ్చేలా గీక్కునేది. చివరికి నా పాత పంచె చింపి ఆమె వేళ్ళకు నేనే చుట్టాను.

"బడిలో మీ బెత్తం ఉండాది గదా, తెచ్చి గీకండి. మీ పిల్లోళ్ళ మాదిరి ఏడ్వను లే," అంది. ఆమెకు కంటిమీద కునుకు లేక అప్పటికి మూడు రోజులు.

మా వీధిలో పసిబిడ్డలకు నీళ్ళు పోసే చెంగమ్మ చూడడానికి వచ్చి, ఆ గుడ్డలు చూసి మండిపడింది.

"ఏమయ్యోరా, దొంగను కట్టినట్టు కట్టినారే! వట్టివేళ్ళు, కర్పూరం ఏసి టెంకాయనూనె కాచి తెస్తా. రుద్దితే ఒళ్ళు సల్లబడతాది."

"కామెర్లకు నూనా? నా బిడ్డను సంపుతావా?" అంది అత్త.

"నూనె లేకుండా బాగుపడిందా, శకుంతలమ్మా?"

ఇద్దరూ నావైపు చూశారు. "ఒక వారం చూద్దాం," అన్నాను. చంద్రకాంత గుడ్డ చుట్టిన చేతులు దుప్పటి కిందికి లాక్కుంది.

ఆరో రోజున నేనే చెంగమ్మను పిలుచుకొచ్చాను. అత్త వాకిట్లోకి పోయి కూర్చుంది. చెంగమ్మ గుడ్డలు విప్పి, పసిబిడ్డకు రాసినట్టు, అరికాళ్ళ నుంచి పైకి నూనె రాసింది. మందుల కంపు కొట్టే గదిలో వేసవిలో తడిపిన వట్టివేళ్ళ తడికె వాసన వచ్చింది. చంద్రకాంత మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రపోయింది. లేచేదాకా చెంగమ్మ ఆమె పాదం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

మూడు మధ్యాహ్నాలు అలా నిద్రపోయింది. నాలుగోనాడు పొద్దున్నే పోయింది.

నీళ్ళు పోసే ముందు పోయినవాళ్ళ తలకు నూనె పెడతారు మాలో. బంధువులు ఒక్కొక్కరే వేలు ముంచి రాశారు. అత్త గిన్నె నిండా తెచ్చుకుని, తల దగ్గరికి పోకుండా కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది. అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టింది.

"చాల్లే అక్కా," అన్నారెవరో.

"ఉండు. ఇంకా ఎండిపోయే ఉండాయి."

చెంగమ్మ పక్కన కూర్చుని రెండో పాదం అందుకుంది. "ఒత్తొద్దమ్మా, మెల్లిగా," అంది.

నేను వాయిదా వేసిన ఆరు రోజుల గురించి ఎవరూ ఏమీ అనలేదు.